నేల నిలవాలంటే సాగు చేసేవాళ్ల పేరు రాయాలి

వేదిక మీదున్న పెద్దలకు, పొలం పనులు ఆపుకుని వచ్చిన రైతులకు, వెనక వరుసల్లో కూర్చున్న అక్కలకు, వ్యవసాయ కళాశాల విద్యార్థులకు నమస్కారం. అక్కలు కొంచెం ముందుకు వచ్చి కూర్చుంటే బాగుంటుంది. ఇప్పుడు మాట్లాడబోయేది ఎక్కువగా మీ గురించే.

వ్యవసాయ విధానాలు, నేల సంరక్షణ, రైతుల మధ్య సమానత్వం గురించి మాట్లాడమన్నారు. మామూలుగా వీటికి వేరు వేరు సభలు పెడతారు. నేల గురించి పెట్టే సభకు శాస్త్రవేత్తలు వచ్చి భూసార పరీక్షలు, సేంద్రియ కర్బనం, జింకు లోపం గురించి చెబుతారు. కౌలు రైతుల సభకు సంఘాల వాళ్లు వచ్చి గుర్తింపు కార్డులు, అప్పుల గురించి చెబుతారు. ఈ సభ వాళ్లు ఆ సభకు పోరు. నేను చాలా ఏళ్లుగా చెప్పుకొస్తున్నది ఒకటే. ఒక పొలం పదేళ్ల తర్వాత సత్తువతో ఉంటుందా, పీల్చిపిప్పయి పోతుందా అన్నది ఆ పొలంలోకి దిగే మనిషికి దాని మీద ఏం భరోసా ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ భరోసా ఇచ్చేదీ, లాక్కునేదీ ప్రభుత్వ విధానమే.

ఒకే సర్వే నంబరులో పక్కపక్కనే ఉన్న రెండు ఎర్ర చెలకలు, అంటే ఎర్రమట్టి మెట్ట పొలాలు, తీసుకుందాం. ఒకటి పట్టాదారే చేసుకుంటున్నాడు. ఇంకోటి ఏటా కౌలుకు పోతోంది. మే నెలలో పోయి చూడండి. సొంతంగా చేసుకునే చెలకలో చెరువు మట్టి కుప్పలు పోసి ఉంటాయి, ఇంకా చిమ్మి ఉండరు. ఒక పక్క ఎరువు కోసం గొర్రెల మంద పెట్టించిన ఆనవాళ్లు కనిపిస్తాయి, ఎండిన పెంటికలు కాళ్ల కింద నలుగుతాయి. వాలుకు కింది వైపు గట్టు తెగిన చోట రాళ్లు పేర్చి, మట్టి వేసి ఉంటుంది. పక్క చెలకలోకి రండి. పోయినేటి పత్తి కట్టె అట్లాగే నిలబడి ఉంటుంది. గట్టు తెగిన చోట నీళ్లు కోసుకుపోయి మోకాలి లోతు గండి పడి ఉంటుంది. వచ్చే వానలకు మిగిలిన పైమట్టి కూడా ఆ గండిలోంచే వాగులోకి పోతుంది.

ఆ రెండో చెలక చేసే మనిషికి పని చేతకాక అట్లా వదిలేశాడని అనుకోవద్దు. చాలాసార్లు ఆ మనిషికి పక్కనే ఎకరమో, అరెకరమో సొంత భూమి కూడా ఉంటుంది. అందులో మట్టి తోలుతాడు, పెంట వేస్తాడు. కౌలు చెలకలో వేయడు. ఎందుకంటే చెరువు మట్టి ఒకసారి తోలితే దాని సత్తువ నాలుగైదేళ్లు అందుతుంది. పశువుల పెంట మొదటి పంటకు కొంతే పనిచేస్తుంది, మిగతాది తర్వాతి పంటలకు. గట్టు మీద పెట్టిన ఖర్చు తిరిగి రావడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. కౌలు మాట మాత్రం ఉగాది నుంచి ఉగాదికి. వచ్చే ఉగాదికి ఆ చెలక తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషి ఎందుకు మట్టి తోలుతాడు? ఇంకో సంగతి కూడా ఉంది. కష్టపడి చెలకను బాగు చేస్తే, బాగుపడింది కాబట్టి కౌలు పెంచమంటారు. తన కష్టం మీద తనే కౌలు కట్టాలి.

యూరియా బస్తా సంగతి వేరు. వేసిన వారం పది రోజుల్లో పైరు ముదురాకుపచ్చగా నలుపు తిరుగుతుంది. పెట్టిన డబ్బు ఈ పంటలోనే తిరిగొస్తుంది. పైగా అది ఉద్దెరకు, అంటే అప్పు మీద, దొరుకుతుంది. ఈ ఉద్దెర విషయం దగ్గర కాసేపు ఆగుదాం, నేల శాస్త్రం పుస్తకాల్లో ఇది ఉండదు. పట్టాదారు పాసుపుస్తకం ఉన్న రైతుకు బ్యాంకు పంట రుణం ఇస్తుంది. సకాలంలో కడితే వడ్డీ తక్కువ. ఆ డబ్బు చేతికి వస్తుంది కాబట్టి దాంతో గొర్లకాపరికి ఇచ్చి మంద పెట్టించవచ్చు, ట్రాక్టర్ కిరాయి కట్టవచ్చు, పచ్చిరొట్టగా పెంచి నేలలో కలియదున్నే జీలుగ విత్తనం తెచ్చుకోవచ్చు. కౌలు రైతుకు ఆ రుణం అందడం అరుదు. బయట నెలకు నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకోవాలి, లేదంటే ఎరువుల దుకాణంలో ఖాతా రాయించుకోవాలి. దుకాణంలో ఉన్నవే ఉద్దెరకు వస్తాయి. యూరియా, పురుగుమందు, కలుపుమందు. పెంట ఉద్దెరకు ఇచ్చే దుకాణం ఏ ఊళ్లోనూ లేదు. అంటే ఎవరికి ఏ రకం అప్పు పుడుతుందన్న దాన్ని బట్టి నేలలో ఏం పడుతుందన్నది తేలిపోతోంది. దీన్ని రైతుకు అవగాహన లేకపోవడం అని పేరు పెట్టి శిక్షణ తరగతులు నడుపుతున్నాం.

ధరల విధానం కూడా అటే నెడుతోంది. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. భాస్వరం ఉండే డీఏపీ 50 కిలోల బస్తా 1,350 రూపాయలు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం పోషకాల ఆధారంగా సబ్సిడీ ఇచ్చే పద్ధతి తెచ్చినప్పుడు యూరియాను దాని బయట ఉంచింది. భాస్వరం, పొటాష్ ధరలు పెరిగాయి, యూరియా ధర దాదాపు అక్కడే ఉండిపోయింది. ఇంత తేడా ఉన్నప్పుడు చేతిలో డబ్బు ఆడని రైతు దేని వైపు పోతాడో చెప్పడానికి సర్వేలు అక్కర్లేదు. 2015లో భూసార కార్డుల పథకం పెట్టారు. కార్డులో సమతుల ఎరువులు వేయమని రాసి ఉంటుంది. కార్డు ఒకటి చెబుతుంటే దుకాణంలో ధర ఇంకోటి చెబుతోంది. యూరియా ధర ఒక్కసారిగా పెంచేయమని నేను అనడం లేదు, ఆ దెబ్బ మొదట తగిలేది కౌలు రైతుకే. ఆ సబ్సిడీలో కొంత భాగమైనా పెంటకు, పచ్చిరొట్టకు, మట్టి తోలకానికి ఎందుకు మళ్లకూడదు అని అడుగుతున్నాను.

కౌలు ఏడాదికే ఎందుకు ఉంటోంది? ఇక్కడ చరిత్ర కొంచెం తెలియాలి. తెలంగాణలో 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు హక్కులిచ్చింది. ఆ చట్టం కింద కౌలుదారును భూమి యజమానిగా గుర్తించే 38-ఈ సర్టిఫికెట్ల కోసం తాతల కాలం నుంచి తిరిగిన కుటుంబాలు ఈ సభలో కూడా ఉండి ఉంటాయి. ఆంధ్ర ప్రాంతంలో 1956 కౌలుదారీ చట్టం కౌలుకు ఆరేళ్ల కనీస గడువు పెట్టింది. ఆ చట్టాలు తెచ్చినవాళ్ల ఉద్దేశం మంచిది, వాటి వల్ల భూమి దక్కిన కుటుంబాలూ ఉన్నాయి. కానీ అమలు సగంలో ఆగింది. హక్కు అందాల్సిన వాళ్లకు పూర్తిగా అందలేదు గానీ, కాగితం మీద పేరు పడితే భూమి పోతుందన్న భయం మాత్రం ప్రతి భూయజమానిలోనూ మిగిలింది. అందుకే కాగితం లేదు, ఏడాదికి మించి మాట లేదు, ఒకే మనిషికి వరసగా ఇవ్వడం లేదు. చట్టంలో ఆరేళ్లు ఉంది, ఊళ్లో ఏడాది నడుస్తోంది.

ఇది ఎంత పెద్ద విషయమో చూడండి. 2019 జాతీయ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 40కి పైగా కమతాల్లో కౌలు భూమి ఉంది, దేశంలోనే ఎక్కువ. తెలంగాణలో 2022లో రైతు స్వరాజ్య వేదిక ఊరూరా తిరిగి చేసిన సర్వేలో ముగ్గురు రైతుల్లో ఒకరు కౌలు రైతు అని తేలింది. రెండు రాష్ట్రాల్లో ఇంత నేల ఏడాది మాట మీద సాగవుతుంటే నేల సంరక్షణ అన్న మాటకు అర్థం ఏముంటుంది?

ఇక పెట్టుబడి సాయం సంగతి. 2018 మే 10న హుజూరాబాద్ ప్రాంతంలో తెలంగాణ ప్రభుత్వ రైతుబంధు పథకం మొదలైంది. ఎకరాకు పంటకు 4,000, తర్వాతి ఏడాది నుంచి 5,000. విత్తనాలు వేసే ముందే రైతు చేతికి నగదు ఇవ్వడం చాలా గొప్ప ఆలోచన. దేశమంతా దాని వైపు చూసింది. కానీ ఆ డబ్బు పాసుపుస్తకాన్ని చూసి పడింది, సాగును చూసి పడలేదు. ఎకరాల మీద పరిమితి లేదు. రెండెకరాలున్న రైతుకు ఏడాదికి 20 వేలు, 20 ఎకరాలున్నాయనకు రెండు లక్షలు. భూమి కౌలుకిచ్చి పట్నంలో ఉన్న వాళ్లకు పడింది, ఆ భూమిలో దుక్కి దున్నిన వాళ్లకు పడలేదు. సాగు లేని గుట్టలకు, ప్లాట్లు చేసిన భూములకు కూడా పడింది. 2023 ఎన్నికల్లో కౌలు రైతులకూ ఇస్తామన్న హామీ వినిపించింది. 2025 జనవరిలో రైతుభరోసా పేరుతో ఏడాదికి ఎకరాకు 12,000 మొదలుపెట్టినప్పుడు సాగుకు పనికిరాని భూములను తీసేశారు. అది మంచి పని. డబ్బు మాత్రం మళ్లీ పట్టాదారు ఖాతాలోనే పడింది. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ 6,000 కూడా అంతే, భూమి పేరున ఉన్న కుటుంబానికే.

వేరే దారి లేదా అంటే, ఉంది. మన పక్కనే ఒడిశా 2018 చివర్లో కాలియా పథకం ప్రకటించింది. అందులో ఎకరాల లెక్క లేదు, కుటుంబానికి ఇంత అని. చిన్న, సన్నకారు రైతులతో పాటు పాలుకు, అంటే పంటలో వాటాకు, చేసేవాళ్లను, భూమి లేని వ్యవసాయ కుటుంబాలను కూడా చేర్చారు. అమలులో లోపాలుంటే ఉండనివ్వండి, ఎవరిని రైతు అనాలన్న దగ్గర వాళ్లు సరిగ్గా ఆలోచించారు.

పెట్టుబడి సాయం వస్తే పట్టాదారు కౌలు తగ్గిస్తాడని మొదట్లో కొందరు అన్నారు. నేను తిరిగిన ఊళ్లలో ఎక్కడా తగ్గలేదు. పైగా భూమి ఉంచుకుంటేనే డబ్బు వస్తుంది కాబట్టి, చేయలేని వాళ్లు కూడా చిన్న రైతుకు అమ్మడం మానుకున్నారు.

పాత పహాణీలు, అంటే ఊరి భూమి, సాగు లెక్కల పుస్తకాలు, చూసిన వాళ్లకు తెలుసు. అందులో పట్టాదారు పేరుకు ఒక కాలమ్, అనుభవదారు పేరుకు ఇంకో కాలమ్ ఉండేవి. భూమి ఎవరిది, ఈ ఏడు ఎవరు చేస్తున్నారు అని పట్వారీ, తర్వాత వీఆర్వో వచ్చి రాసుకునేవాళ్లు. అందులో మోసాలు జరగలేదని కాదు, చాలా జరిగాయి. కానీ సాగు చేసే మనిషి ఒకరు ఉన్నారని ప్రభుత్వ పుస్తకం ఒప్పుకునేది. 2020 అక్టోబర్‌లో తెలంగాణలో ధరణి అనే ఆన్‌లైన్ భూరికార్డుల పోర్టల్ వచ్చాక ఆ రెండో కాలమ్ పోయింది. ఆ ఒక్క గడి పోవడంతో పంట నష్టపరిహారం, వడ్ల అమ్మకం, అన్నీ పట్టాదారు పేరు మీదికి పోయాయి. కౌలు రైతు పండించిన వడ్లు మహిళా సంఘాలు నడిపే ఐకేపీ కొనుగోలు కేంద్రంలో పట్టాదారు పేరున తూకం వేయించి, ఆయన ఖాతాలో పడిన డబ్బు కోసం ఆయన ఇంటి చుట్టూ తిరగాల్సి వస్తోంది. వడగండ్లు పడి చేను పోతే పరిహారం కూడా అంతే. ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. నాటు, కలుపు, కోత అంతా అక్కలే చేస్తారు. కౌలు మాట భర్త పేరున ఉంటుంది. భర్త పోతే ఆ మాట కూడా పోతుంది.

ఆంధ్రప్రదేశ్ ఈ విషయంలో కొంత ముందు నడిచింది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే సాగుదారుల చట్టం వచ్చి రుణ అర్హత కార్డులు ఇచ్చారు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకు వైఎస్సార్ రైతు భరోసా పెట్టుబడి సాయం కూడా ఇచ్చారు. ఇవి చిన్న విషయాలు కావు. అయితే 2019 చట్టం ప్రకారం సాగుదారుకు ఇచ్చే కార్డుకు భూయజమాని సంతకం కావాలి, దాని గడువు 11 నెలలు. సంతకానికి యజమాని భయపడతాడు. సంతకం చేసినా, అప్పటికే ఆ భూమి మీద యజమాని పంట రుణం తీసుకుని ఉంటే బ్యాంకు రెండో రుణం ఇవ్వదు. 11 నెలల కార్డుతో గట్టు వేసే ధైర్యం ఎవరికీ రాదు.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే కౌలుతో సంబంధం లేకుండా కూడా విధానం చిన్న రైతును, నేలను కలిపి ఎట్లా దెబ్బతీస్తుందో అక్కడ బాగా కనిపిస్తుంది. 2004 మేలో ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ వచ్చింది. వరుస కరువులతో చితికిపోయిన రైతుకు అది ఊపిరి పోసింది. దాన్ని తీసేయాలని అనేవాళ్లతో నేను లేను. తెలంగాణలో 2018 జనవరి నుంచి 24 గంటలు ఇస్తున్నారు. అయితే దాని లాభం బోరున్న వాళ్లకే. బోరు వేయలేని మెట్ట రైతుకు అందులో పైసా వాటా లేదు. బోరున్న వాళ్లలో కూడా పోటీ మొదలైంది. అనంతపురం వైపు ఒకప్పుడు చేదబావుల్లో నీళ్లుండేవి. ఇప్పుడు వెయ్యి అడుగుల దాకా పోతున్నారు. పక్క రైతు లోతుగా వేస్తే మన బోరు ఎండుతుంది. డబ్బున్నాయన ఇంకో బోరు వేస్తాడు. చిన్న రైతు అప్పు తెచ్చి రెండు వేస్తాడు, రెండూ పడకపోతే ఆ అప్పు కింద చెలక పోతుంది. నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం 2002లో వచ్చిన వాల్టా చట్టంలో బోర్ల మధ్య దూరం, అనుమతి, అన్నీ ఉన్నాయి. రాత్రికి రాత్రి రిగ్గు వచ్చి పోతుంటే ఆ చట్టం ఎక్కడుంది?

దీనికి సమాధానం కూడా మన నేల మీదే దొరికింది. ఉమ్మడి రాష్ట్రంలో అనంతపురం, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశం లాంటి ఏడు కరువు జిల్లాల్లో రైతులే తమ బావుల్లో నీటి మట్టం కొలిచి, ఊళ్లో కూర్చుని నీటి బడ్జెట్ వేసుకునే ప్రాజెక్టు ఒకటి నడిచింది. రబీకి ముందు ఇన్ని నీళ్లున్నాయి, వరి వేస్తే ఇంత పోతుంది, ఆరుతడి పంట వేస్తే ఇంత అని గోడ మీద రాసుకున్నారు. ఎవరూ ఆంక్ష పెట్టలేదు. లెక్క కళ్ల ముందు పెడితే చాలా మంది వరి తగ్గించుకున్నారు. ప్రాజెక్టు డబ్బులు అయిపోయాక ఆ కొలతలను ప్రభుత్వం తన పనిగా చేసుకోలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ గురించి ఇక్కడి విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. అక్కడ దళిత మహిళా సంఘాలు కలిసి భూములు కౌలుకు తీసుకున్నాయి. ప్రభుత్వం పంచిన రాళ్ల భూములు, బీడు పడిన భూములు బాగు చేసుకున్నారు. 1990లలో ఒక పద్ధతి పెట్టారు. బీడు బాగు చేసుకోవడానికి రైతుకు అప్పు ఇస్తారు, ఆమె దాన్ని జొన్నల రూపంలో సంఘానికి తిరిగి కడుతుంది. ఆ జొన్నలు ఊళ్లో పేద కుటుంబాలకు తక్కువ ధరకు అందుతాయి. ఒక చేనులో జొన్న, కంది, కొర్ర, అనుము, పుంటికూర కలిపి వేస్తారు. ఏ సబ్సిడీ బస్తా లేకుండా ఆ నేల సత్తువ పెరిగింది. ఒంటరి కౌలుదారును ఏడాదికి తీసేయడం సులువు, ఇరవై మంది ఆడవాళ్ల సంఘాన్ని తీసేయడం అంత సులువు కాదు. కేరళలో కుటుంబశ్రీ సంఘాలు పడావు భూములను కలిసి కౌలుకు చేస్తున్నది కూడా ఈ దారిలోనే. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయంలో తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను ఏడాదంతా కప్పి ఉంచుతున్నారు. చాలా మంచి పని. కానీ మొదటి రెండు మూడేళ్లు ఓపిక పట్టాలి. ఆ ఓపిక ఏడాది కౌలు రైతు దగ్గర ఎక్కడి నుంచి వస్తుంది?

భూయజమానులను శత్రువులుగా చూపడానికి నేను రాలేదు. కౌలుకు ఇచ్చేవాళ్లలో రెండెకరాలున్న ముసలి తల్లి ఉంది, పిల్లలు గల్ఫ్‌లోనో, హైదరాబాద్‌లోనో కూలికి పోయిన కుటుంబం ఉంది. ఆ కౌలు డబ్బులు వాళ్ల మందుల ఖర్చు. వాళ్ల భయం తీరకుండా కౌలు రైతుకు భరోసా రాదు. అందుకే నేను అడిగేది పట్టాను ముట్టుకోని పద్ధతి. సాగుదారుల పేర్లు ఏటా గ్రామసభలో, పంట నమోదు సమయంలోనే రాయాలి. ఆ పేరుతో భూమి మీద హక్కు రాదని చట్టంలోనే స్పష్టంగా రాయాలి. యజమాని సంతకం అక్కర్లేకుండా చేయాలి. రుణం, పరిహారం, వడ్ల డబ్బు ఆ పేరుకే పోవాలి. పెట్టుబడి సాయానికి ఎకరాల పరిమితి పెట్టాలి, మిగిలిన డబ్బును చెరువు మట్టి తోలినవాళ్లకు, పచ్చిరొట్ట వేసినవాళ్లకు, గట్టు వేసినవాళ్లకు ఇవ్వాలి. పట్టాదారు చేసినా, కౌలుదారు చేసినా, చేసినవాళ్లకే. తెలంగాణలో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకంలో చెరువులు ప్రభుత్వం తవ్వింది, మట్టి తోలుకునే ఖర్చు రైతు పెట్టుకున్నాడు. ట్రాక్టర్ ఉన్నవాళ్ల చేలల్లోకే ఎక్కువ పోయింది. ఆ కిరాయి ప్రభుత్వం భరించి ఉంటే ఎన్ని ఎర్ర చెలకలు బాగుపడేవో.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. 2016లో నీతి ఆయోగ్ నమూనా కౌలు చట్టం తయారు చేసింది. అందులో యజమాని హక్కుకు పూర్తి భద్రత ఇచ్చారు. అదే చట్టంలో, భూమిని బాగు చేయడానికి కౌలుదారు పెట్టిన ఖర్చులో ఇంకా ఫలితం మిగిలి ఉన్న భాగాన్ని కౌలు ముగిసేటప్పుడు తిరిగి పొందవచ్చని కూడా ఉంది. ఈ ఒక్క అంశం కోసమైనా మన రెండు రాష్ట్రాలు దాన్ని చర్చకు పెట్టాలి. ఒక కౌలు రైతు ఎకరాకు 20 ట్రాక్టర్ల మట్టి తోలాడనుకోండి. దాని సత్తువ ఐదేళ్లు ఉంటుందని ఊరి పెద్దలు, వ్యవసాయ విస్తరణ అధికారి కలిసి ముందే రాసుకుంటారు. రెండో ఏడు చివర చెలక ఇంకొకరికి పోతే, మిగిలిన మూడేళ్ల వాటా డబ్బు కొత్తగా తీసుకునే మనిషో, యజమానో పాత కౌలుదారుకు ఇచ్చాకే దుక్కి మొదలవుతుంది. దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఒక పుస్తకం, ఇద్దరు సాక్షులు, దాన్ని గౌరవించే తహసీల్దారు చాలు. మీ ఊళ్లలో ఇట్లాంటి ఒప్పందం నోటిమాటగా అయినా నడుస్తుంటే, లేదా ఎందుకు నడవదో మీకు తెలిస్తే, ఇప్పుడు చెప్పండి. మైకు మొదట వెనక వరుసలో ఉన్న అక్కలకు ఇవ్వండి.